లేచి వచ్చిన సీట్లు

శనివారం ఉదయం ముఖం కడుక్కుని హాల్లోకి వచ్చేసరికి ఒక వరుస థియేటర్ సీట్లు వచ్చి కూర్చుని ఉన్నాయి. ఎర్ర రెక్సిను సీట్లు. చేతుల దగ్గర రంగు పోయింది, వీపుల మీద తెల్లరంగుతో వేసిన నంబర్లున్నాయి. నేలలో బిగించే బోల్టుల్ని గుమ్మం బయట, మా చెప్పుల పక్కన విడిచి లోపలికి వచ్చాయి.

"ఇవెప్పుడొచ్చాయి?" అని మా ఆవిడ సువర్చలను అడుగుతాను.

"పాలప్యాకెట్లకని తలుపు తీస్తే నిలబడి ఉన్నాయండీ. మీకోసమట. ఎంతసేపని నిలబెడతాం? కూర్చోమన్నాను."

"అవి కూర్చోవు. వాటి మీద మనం కూర్చుంటాం."

"ఆ సంగతేదో మీరే చెప్పండి వాటికి," అని ఆవిడ వంటింట్లోకి వెళుతుంది.

నేను వాటిని గుర్తుపడతాను. హంసధ్వని థియేటర్‌వి, ఎఫ్ వరుస. నిన్న ఉదయం ఆటకు వీటి మధ్యలోనే కూర్చుని 'ఉప్పుమడి' అనే సినిమా చూశాను. చూశాను అనేది సమీక్షలో రాసిన మాట. నిజానికి ఇంటర్వెల్ దాకా చూశాను.

నేను ఒక వెబ్‌సైట్‌కి సినిమా సమీక్షలు రాస్తాను. సమీక్ష ఎవరూ చదవరు, కింద వేసిన అంకె చూస్తారు. ఐదుకి మూడు వేస్తే నిర్మాత దాన్ని పోస్టరు మీద గుమ్మడికాయంత వేసుకుంటాడు. రెండుముప్పావు వేస్తే ఫోన్ చేసి బతిమాలతాడు. రెండుంపావు వేస్తే, టికెట్టు కొనబోతున్నవాడు ఫోను చూసుకుని, లైన్లోంచి పక్కకు తప్పుకుని, టీ తాగడానికి వెళ్ళిపోతాడు. థియేటర్ల ఎదుట టీకొట్లన్నీ నా పుణ్యమా అని నడుస్తున్నాయని సువర్చల ఎగతాళి చేస్తుంది.

మా సమీక్షకులకు ఒక అలవాటు ఉంది. ఇంటర్వెల్లో అందరం సమోసాల కౌంటరు దగ్గర చేరతాం. ఎవరూ అంకె ముందుగా చెప్పరు. "ఏమంటారు?" అని ఒకరు, "మీరేమంటారు?" అని మరొకరు. సమోసా చల్లారేలోపు అందరూ ఒకే అంకె దగ్గరికి వచ్చేస్తారు. ఒంటరిగా మెచ్చుకున్నవాణ్ణి కొనేశారంటారు, ఒంటరిగా తిట్టినవాడికి కుళ్ళంటారు. అందుకని అక్కడే తేల్చేసుకుంటాం. రెండో సగం గురించి రాయడానికి వాక్యాలు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి.

నిన్న తేలింది రెండున్నర. నేను ఇంకో పావు తగ్గించాను. ఎందుకంటే బయట మబ్బు పట్టింది, నా బండి సీటు మీద కవరు లేదు, అది తడుస్తుందని చిరాకు పుట్టింది. తిరిగి సీట్లో కూర్చున్నవాణ్ణి, తెర మీద 'విశ్రాంతి' పోకముందే లేచి వచ్చేశాను. సీటు తుడుచుకుని, దాని మీదే కూర్చుని, 'సెకండాఫ్ అంతా సాగదీతే' అని ఫోన్లో రాసి పంపేశాను. వాన రాలేదు.

ఇప్పుడు సువర్చల కాఫీతో వస్తోంది. చాలాసేపటి నుంచి వస్తోంది. హాలుకీ వంటింటికీ మధ్య ఉన్న చిన్న నడవ, సమీక్ష సైట్లో పడిన దగ్గర్నుంచి సాగుతూనే ఉంది. దూరంగా ఆవిడ చీర రంగు తెలుస్తోంది గానీ ముఖం ఇంకా తెలియడం లేదు.

"వంటింటికి ఆటో ఏమైనా మాట్లాడతారా?" అని అక్కణ్ణుంచే అరుస్తుంది.

కాఫీ నా దగ్గరికి చేరేసరికి తొరక కట్టి, చల్లబడి ఉంది. అలాగే తాగేస్తాను. ఆ నడవ అంత పొడుగెందుకయిందో నాకు తెలుసు, ఆవిడకు తెలియదు. ఆ సంగతే నన్ను లోపల పొడుస్తోంది.

టిఫిను వేళకు లిఫ్టు తలుపు తెరుచుకుని మరో రెండు వరుసలు దిగుతాయి. కింద నుంచి వాచ్‌మన్ ఫోన్ చేస్తాడు. "సార్, ఇంకా చానా ఉన్నయ్. లైన్ల నిలబడ్డయ్. పైకి పంపాల్నా?"

పంపమంటాను. వద్దంటే ఎక్కడికి పోతాయి? ఖాళీ అయిన సీటుకు, ఖాళీ చేయించినవాడి ఇల్లు తప్ప వేరే చోటు లేదు.

హాలు నిండుతుంది, పడగ్గది నిండుతుంది. ఆరేసిన బట్టల కింద కొన్ని సర్దుకుంటాయి. అన్నీ టీవీ ఉన్న గోడ వైపే తిరిగి ఉన్నాయి. టీవీ ఆపేసి ఉంది. అయినా కదలవు. వాటికి చూడవలసిన సగం ఇంకా మిగిలి ఉంది. ఇంత ఓపిగ్గా ఎదురుచూసేవాళ్ళ ముందు నిలబడాలంటే నాకు సిగ్గేస్తుంది, లుంగీ సరిచేసుకుంటూ పక్కనుంచి నడుస్తాను.

సైటు యజమాని ఫణిభూషణ్‌కి ఫోన్ చేస్తాను. "ఉప్పుమడి రేటింగ్ మార్చాలండీ."

"ఎందుకు? సినిమా ఏమైనా మారిందా?"

"లేదు. నేను సగమే చూశాను."

"సగం చూశారు, సగానికి దగ్గర్లోనే మార్కులేశారు. సరిగ్గానే ఉందిగా."

"జనం వెళ్ళడం లేదండీ."

"చూశారా, మనం రాసింది ఎంత కరెక్టో!" అని సంతోషంగా ఫోన్ పెట్టేస్తాడు.

మధ్యాహ్నం కాకముందే ఒకావిడ గుమ్మం బయట బోల్టులు తొక్కకుండా దాటుకుంటూ లోపలికి వస్తుంది. ముప్పై దాటిన మనిషి. నూలు చీర, భుజాన గుడ్డసంచి. కింతలి దమయంతి అని పేరు చెబుతుంది, ఉప్పుమడి దర్శకురాలు. ఆ పేరు నిన్న పోస్టరు మూలన చిన్న అక్షరాల్లో చూశాను. ఇది ఆమె మొదటి సినిమా. శ్రీకాకుళం వైపు మనిషి అని మాట వినగానే తెలుస్తుంది.

"మా సీట్లు మీ ఇంటికొచ్చేసినాయని చెప్పారండి. తీసుకెళ్ళిపోదామని వచ్చాను."

"కూర్చోండి," అంటాను అలవాటుగా.

ఆమె దగ్గర్లో ఉన్న సీటు మీద కూర్చోబోతుంది. సీటు లేచి పక్కకు జరుగుతుంది. ఇంకోదాని వైపు వెళితే అది మడుచుకుని గోడవారకు పోతుంది. పెళ్ళయినప్పటి నుంచి అంగుళం కదలని మా సోఫా కూడా నాలుగు కాళ్ళ మీద లేచి, నడవలోకి వెళ్ళిపోతుంది.

"నిన్న మధ్యాన్నం నుంచి ఇదే వరసండి," అంటుంది దమయంతి. "ఏటో తెలీదు. నేను కూర్చోబోతే అది లేచెళ్ళిపోతంది. బస్సులోన నిలబడే వచ్చాను. మా యమ్మ పీట వేస్తే పీట కూడా ఎళ్ళిపోయింది. కాళ్ళు పీకేస్తన్నాయండి."

లేచి వెళ్ళిపోవడం వాటికి నేర్పింది నేనే. ఆ ముక్క ఆమెతో అనాలి. నోటిదాకా వస్తుంది. "కాఫీ తాగుతారా?" అనేస్తాను. నడవ వైపు చూసి, "రావడానికి చాలాసేపు పడుతుంది లెండి," అని నేనే సర్దుకుంటాను.

"కాఫీకి టైం లేదండి. మ్యాట్నీకి హాల్లో సీటుండాలి. లేపోతే సాయంత్రం నుంచి వేరే బొమ్మ వేసేస్తామన్నారు. నాకు మిగిలింది ఈ ఒక్క థియేటరే. ఇది కూడా తీసేస్తే ఇంక ఎవులూ నాకు సినిమా ఇవ్వరు."

"ఎన్ని సీట్లు నిండితే ఉంచుతామన్నారు?"

"ఒక్కటి చాలన్నారండి. ఒక్క సీటు, ఒక్క మనిషి. కాపోతే ఆఖరిదాకా ఉండాలి."

సంచిలోంచి చిన్న కత్తెర తీసి నా ముందు పెడుతుంది.

"మీరు ఆఖరిదాకా చూశారు కదండి. సెకండాఫ్ సాగదీత అన్నారు. ఎక్కడ సాగిందో చెప్తే అది కోసేస్తాను. నిన్నంతా ఎతికాను, నాకు దొరకలేదు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. విద్యార్థిని మాస్టారిని అడిగినట్టు అడుగుతోంది. నాకు తెలిసిన సాగదీత ఒక్కటే. చెయ్యెత్తి నడవ వైపు చూపిస్తాను.

దమయంతి వెళ్ళి, తల వంచి, ఆ చివరిదాకా పరిశీలనగా చూస్తుంది. దూరంగా సువర్చల మధ్యాహ్నానికి బియ్యం కడుగుతోంది, చీమంత కనిపిస్తోంది.

"అవునండి, ఇక్కడ సాగింది," అంటుంది దమయంతి. "కానీ కోసేస్తే మీ ఆవిడ ఇటేపు రాడానికి దారుండదు." కత్తెర సంచిలో వేసుకుంటుంది.

సీట్లను రమ్మని ఇద్దరం బతిమాలతాం. ఒక్కటీ రాదు. ఎఫ్ వరుసలో నిన్న నేను కూర్చున్న సీటు మాత్రం నన్ను చూసి ముడుచుకోకుండా ఉంటుంది. దాన్ని వీపుకెత్తుకుంటాను. బరువుగా ఉంది, నిన్నటి నా వేడి ఇంకా దానిలో ఉంది.

"భోజనానికి వస్తారా?" అని నడవ చివరి నుంచి సువర్చల కేక.

"సెకండాఫ్ చూసి వస్తాను."

"అయితే రారన్నమాట," అంటుంది ఆవిడ. కుక్కర్ కూత దూరంనుంచి రైలు కూతలా వినిపిస్తుంది.

కింద బండి తీస్తాను. దమయంతి వెనక ఎక్కబోయేసరికి బండి సీటు ఊడి, ప్రహరీగోడ దూకి పరిగెడుతుంది. నిన్న తడవకుండా నేను కాపాడుకున్న సీటే. ఇక నడక తప్పదు. నిన్న రాని వాన ఇప్పుడు వస్తుంది. రోడ్డంతా పొడిగానే ఉంది, మా ఇద్దరి మీదే పడుతోంది.

హంసధ్వని హాల్లో ఒక్క సీటూ లేదు. ఏటవాలు నేల మీద వరుసలు వరుసలుగా బోల్టుల కన్నాలున్నాయి. తెర మీద 'విశ్రాంతి' అనే అక్షరాలు నిన్నటి నుంచి అలాగే వెలుగుతున్నాయి. నేను లేచిన చోటే సినిమా ఆగిపోయి ఉంది.

వీపు మీది సీటును దాని చోట దింపుతాను. నేను కూర్చోవలసిన సీటే గానీ, నిన్నటి నుంచి నిలబడింది ఆమె. "కూర్చోండి," అంటాను. దమయంతి కొంగు సర్దుకుని కూర్చోబోతుంది. సీటు ఒక క్షణం ఆలోచిస్తుంది. తర్వాత టప్పున మడుచుకుని, నడిచి తలుపు తీసుకుని, బయటికి వెళ్ళిపోతుంది. అచ్చం నేను వెళ్ళినట్టే, వంగి, ఎవరికీ అడ్డం రాకుండా.

మ్యాట్నీ గంట మోగుతుంది. దమయంతి గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉంది. పాదాలు వాచి చెప్పుల అంచులు దాటాయి. ఆమె ఏడవడం లేదు. తెరమీద అక్షరాల వైపు చూస్తూ, "నిలబడితే లెక్కలోకి రాదటండి," అంటుంది.

నేను ఆ ఖాళీ చోటికి వెళ్ళి మోకాళ్ళ మీద వంగుతాను. నా మోకాళ్ళు బోల్టుల కన్నాల్లో సరిగ్గా పడతాయి. చేతులు రెండు వైపులా చాపుతాను. ఒంటి మీద చొక్కా ఎర్రగా, బిగుతుగా, రెక్సినులా అవుతుంది. వీపు మీద ఎవరో తడి బ్రష్షుతో నంబరు వేస్తున్నట్టు చల్లగా ఉంటుంది.

"కూర్చోండమ్మా."

"మీరు లేచెళ్ళిపోరు కదా?" అని అడుగుతుంది.

"లేవను."

ఆమె మెల్లగా, నమ్మలేనట్టు, కొద్దికొద్దిగా బరువు వదులుతూ కూర్చుంటుంది. నిన్నటి నుంచి నిలబడిన బరువంతా నా మీదికి దిగుతుంది. తెర మీద అక్షరాలు పోతాయి. రెండో సగం మొదలవుతుంది.

నాకు తెర కనిపించదు. ఆమె వీపే అడ్డం. కెరటాల చప్పుడు వినిపిస్తుంది, ఎవరో ఉప్పు పారతో లాగుతున్నారు, ఒక ముసలామె ఏదో అంటుంది. ఆ మాటకు దమయంతి వీపు నవ్వుతో కదులుతుంది. తర్వాత చాలాసేపు కదలదు. ఊపిరి బిగబట్టింది. ఏమైందో నాకు తెలియదు. తెలుసుకోవాలని నా జీవితంలో ఏ సినిమాకీ మనసు ఇంతగా కొట్టుకోలేదు. నా చేతి మీద ఒక చుక్క పడుతుంది. ఇంకొకటి పడుతుంది. ఉప్పగా ఉన్నాయి.

వెనక తలుపు తెరుచుకుంటుంది. మా ఇంటి నుంచి సీట్లు తిరిగి వస్తున్నాయి. బోల్టులు చేతబట్టుకుని, చీకట్లో తమ కన్నాలు వెతుక్కుంటూ, వరుసల్లో నిలబడతాయి. నా పక్కకు వచ్చిన సీటు నా వైపు వంగుతుంది.

"ఎలా ఉంది?" అని గుసగుసగా అడుగుతుంది.

సిద్ధంగా ఉండే వాక్యాలన్నీ నాలుక మీదికి వస్తాయి. దేన్నీ బయటికి రానివ్వను.

"నేను చూడలేదు," అంటాను. హాలంతా వినపడేలా అంటాను. "రెండో సగం నిన్న కూడా చూడలేదు. బండి సీటు తడుస్తుందని లేచి వెళ్ళిపోయాను."

దమయంతి వీపు బిగుసుకుంటుంది. ఇక ఆమె లేస్తుందనుకుంటాను. లేస్తే లేవనీ, నేను లేవను. ఆమె తల కొంచెం పక్కకు తిరుగుతుంది, మళ్ళీ తెర వైపు తిరుగుతుంది. రెండు మోచేతులూ నా చేతుల మీద గట్టిగా ఆనించి, ఇంకా వెనక్కి వాలి కూర్చుంటుంది.

అప్పుడు హాల్లో మడతబెట్టి ఉన్న సీట్లన్నీ ఒక్కసారే కిందికి దిగుతాయి. ఎవరూ వచ్చి కూర్చోలేదు. అయినా వరుస వెంట వరుస, మనుషులు కూర్చున్నంత లోతుగా కుంగుతాయి.