చేతులు వెనక్కి పెట్టుకోండి

“టీ పెట్టడం కూడా ఒక పనేనా?”

పెళ్ళయిన కొత్తలో భర్త ఆ మాట అంటే పోనీలే అనుకుంది ఆమె. ఈ పొద్దున మళ్ళీ అన్నాడు, సోఫాలోంచి లేవకుండా. అత్తగారు వెంటనే వంత పాడింది. “వంటింట్లో గరిటె ఎక్కడుంటుందో కూడా తెలీదమ్మా వాడికి, పిచ్చి సన్నాసి!” కొడుక్కి పతకం వచ్చినంత మురిపెంగా అంది.

ఆమె పనిచేసే ఆస్పత్రిలో మాత్రం టీ పెట్టడం చాలా పెద్ద పని. పక్షవాతంతో చెయ్యి పడిపోయిన వాళ్ళకు బొత్తాలు పెట్టుకోవడం, తల దువ్వుకోవడం, టీ కాచుకోవడం మళ్ళీ నేర్పడమే ఆమె ఉద్యోగం. ఆక్యుపేషనల్ థెరపిస్టు అంటే ఇంట్లో ఎవరికీ ఎక్కదు. “చేతులు పిసికే ఉద్యోగం” అంటాడు భర్త. వార్డు చివర ఒక చిన్న వంటిల్లుంది. రోగి అక్కడ పని చేస్తున్నంతసేపూ ఇంటివాళ్ళు చేతులు వెనక్కి పెట్టుకోవాలి. అది ఆమె పెట్టిన నియమం. ప్రేమకొద్దీ అందించే చెయ్యే మనిషిని మంచానికి కట్టేస్తుందని అందరికీ పదేపదే చెబుతుంది.

ఈ రోజు వార్డులోని ఒక బస్సు డ్రైవరుకు పరీక్ష. సొంతంగా టీ పెట్టగలిగితే ఇంటికి పంపేస్తారు. పడిపోయిన కుడి చేత్తో గిన్నెను అదిమిపట్టి, ఎడమ చేత్తో నీళ్ళు పోశాడు. పంచదార సగం గట్టు మీదే పడింది. భార్య చేతులు వెనక్కి కట్టుకుని, పెదవి కొరుక్కుంటూ చూస్తోంది. చివరికి కప్పులో సగం దాకా పోశాడు. తాగుతాడేమో అనుకుంటే, భార్య వైపు తిరిగాడు.

“ఇది నీకు,” అన్నాడు ముద్దముద్దగా. “ఇన్నేళ్ళూ నువ్వే పెట్టావుగా. కూర్చో, నేనే తెస్తా.”

అది చూసి థెరపిస్టుకు అసూయ భగ్గుమంది. పక్షవాతం వచ్చినవాడి పెళ్ళాన్ని చూసి కుళ్ళుకునే ఆడది లోకంలో ఉంటుందా? ఉంది, తెల్లకోటు వేసుకుని మరీ. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఇదేమో పొంగి సగం స్టవ్ మీద పోయిన టీ. అయినా ఆ కప్పు తనకు కావాలి. నేర్పింది తను, తాగేది ఇంకొకతె. తన ఇంట్లో రెండు చేతులూ దుక్కలా ఉన్నవాడు మంచినీళ్ళకు కూడా కేకేస్తాడు.

డ్రైవరు అడుగు వేశాడో లేదో, ఆమె చెయ్యి ముందుకెళ్ళి కప్పు లాక్కుంది. “ఒలికిపోతుంది, ఇలా ఇవ్వండి,” అంటూ తనే తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టేసింది.

డ్రైవరు ముఖం మాడిపోయింది.

“అదేంటమ్మా,” అంది అతని భార్య మెల్లగా, “చేతులు వెనక్కి పెట్టుకోమని మాకు చెప్పింది మీరే కదా!”

థెరపిస్టుకు తల కొట్టేసినట్టయింది. కప్పు తెచ్చి మళ్ళీ గట్టు మీద పెట్టింది. “తప్పు నాదే. మీరే తీసుకెళ్ళండి,” అని చేతులు వెనక్కి పెట్టుకుంది. డ్రైవరు వణుకుతూ, ఒలకబోస్తూ, ఆగి ఆగి వెళ్ళాడు. భార్య ఆ చల్లారిన టీ చుక్క మిగల్చకుండా తాగింది. ఆ ప్రతి గుక్కనూ ఆమె కళ్ళల్లో నిప్పులు పోసుకునే చూసింది.

ఇంటికి నడుస్తుంటే కూడా అసూయ తగ్గలేదు. తగ్గాలని ఆమె కోరుకోనూ లేదు. ఇన్నేళ్ళలో ఇంట్లో ఒక్కసారైనా తన చేతులు వెనక్కి పెట్టుకుందా? పెట్టుకోనిచ్చిందెవరు గనక!

చెప్పులు విప్పుతుండగానే వినిపించింది. “వచ్చావా? తలనొప్పిగా ఉంది, టీ పడెయ్.”

“పాపం, ఎప్పట్నుంచో నీకోసమే కాచుకుని కూర్చున్నాడు,” అంది అత్తగారు.

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. “ఇలా ఒకసారి రండి,” అని పిలిచింది, వార్డులో పిలిచే గొంతుతోనే.

భర్త గుమ్మంలోకి వచ్చాడు. “ఏంటి, గ్యాస్ అయిపోయిందా?”

“లేదు. గిన్నె మీ ఎడమ పక్కనే ఉంది. తొందరేం లేదు, నెమ్మదిగా చెయ్యండి.” చేతులు వెనక్కి పెట్టుకుంది. “నాకు పంచదార తక్కువ.”