ఆఖరి షిఫ్టు డబల్ రొట్టె

పొయ్యి మీద కీమా దగ్గరపడుతుంటే, ఎల్లక్క పీట ముందు కూర్చుని పొడుగాటి డబల్ రొట్టెలను నిలువునా కోస్తోంది. కోసి, రెండు చెక్కలుగా విప్పి, లోపలి మెత్తని భాగాన్ని వేళ్ళతో గిల్లి పక్క గిన్నెలో వేస్తోంది. రొట్టె దొప్పలా అయితే గానీ లోపల పెట్టింది నిలవదు. ఆ దొప్పకు ముందు వెల్లుల్లి నూరి కలిపిన వెన్న రాయాలి. దాని మీద కీమా, ఉడికిన గుడ్డు బిళ్ళలు, మంట మీద కాల్చి తొక్క తీసిన సిమ్లా మిర్చి, ఆపైన చీజు, చివరికి నాలుగు సబ్జా ఆకులు. పై చెక్కతో మూసి, కాగితంలో బిగించి చుట్టి, వరుసగా పేర్చి, వాటి మీద పలక పెట్టి, పలక మీద పొత్రం ఎత్తాలి. పొత్రం బరువుకు రొట్టె అణిగి రసం పీల్చుకుంటుంది. కొరికినప్పుడు ఏదీ కింద జారదు.

ఈ పని ఆమె చేతులకు నిద్రలోనైనా వస్తుంది. ఈ రోజు మాత్రం కత్తి రెండుసార్లు పక్కకు పోయింది. పొత్రం ఎత్తుతుంటే ఎడమ భుజం పట్టేసినట్టయి, పలక మీద దాన్ని దించి కాసేపు గోడకు ఆనుకుంది. ఇంకా తెల్లవారలేదు. బయట ఆమె పెనిమిటి మొగిలి స్నానం చేస్తూ, నీళ్ళ చప్పుడుకు పైన ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. ఆ హుషారు వింటేనే ఆమెకు గుండె జారిపోతోంది.

మొగిలికి ఇది ఆఖరి షిఫ్టు. రేపటి నుంచి బొగ్గుబాయి దిగే పని లేదు. ఏ ఇంట్లోనైనా పండగ చేసుకునే మాట. ఎల్లక్క కూడా ఈ రోజు కోసం ఏళ్ళ తరబడి మొక్కని దేవుడు లేడు. తీరా అది వచ్చి గుమ్మంలో నిలబడితే, భయంతో రాత్రంతా కన్ను మూయలేదు. కాలనీ ఆడవాళ్ళ నోట ఒక మాట ఉంది: దిగినన్ని దినాలు ఒక ఎత్తు, ఆఖరి దినం ఒక ఎత్తు. ఎప్పుడో ఒకాయన ఇంకో వారంలో రిటైరవుతాడనగా గని కప్పు కూలి పోయాడు. అప్పటి నుంచి ఆ మాట పుట్టిందో, అంతకుముందే ఉందో ఎవరికీ తెలియదు. తెలియకపోయినా అందరూ నమ్ముతారు.

"ఓ అయ్యా," అంది, మొగిలి తల తుడుచుకుంటూ లోపలికి రాగానే. "గీ ఒక్కదినం పోకుంటేంది?"

"పోకుంటెట్లనే? గిన్నేండ్లు దిగినోడు ఆఖరి మస్టరు ఎగ్గొట్టి ఇంట్ల పండుకున్నడని నవ్వరా? మా గ్యాంగోళ్ళు నిన్నటిసంది గీ రొట్టెల కోసం నోరు తెరుసుకొని ఉన్నరు."

"అందరోలె లడ్డు, మిర్చీలు పంచితె పోయేది."

"లడ్లు అందరు పంచుతరు. నువ్వు ఇన్నొద్దుల సంది ఆఫీసర్లకు జేసి పంపుతున్నవు. ఒక్కనాడన్న మనోళ్ళు తినద్దా?"

ఆఖరి షిఫ్టుకు దిగే మనిషి తన జట్టుకంతా తిండి తీసుకుపోవడం ఆ బాయి మీద అలవాటు. మొగిలి ఏం తీసుకుపోతాడో ముందే చాటింపు వేసుకున్నాడు. ఎల్లక్క లేచి పొత్రం దించింది. అణిగిన రొట్టెలను సంచిలో సర్ది, పైన అతని అన్నం క్యాను పెట్టింది.

"నువ్వు గూడ తిను. పంచుడే పంచుడు జేసి ఉపాసం ఉండకు," అంది.

"తింట. నీకు గూడ దెస్త. ఫికర్ జెయ్యకు," అన్నాడు మొగిలి. పోతున్నానని అనలేదు, వస్తానన్నాడు. ఎన్నేళ్ళుగానో అదే మాట. అతను సందు తిరిగేదాకా ఎల్లక్క గడపలో నిలబడింది. వెనక్కి పిలవకూడదు, వెంటనే ఇల్లు ఊడవకూడదు. ఇవి అందరిళ్ళలో ఉన్నవే. ఎల్లక్క ఇంట్లో ఇంకొకటి ఉంది. బాయి దిగిన మనిషి పైకి వచ్చేదాకా ఆ ఇంటికి తాళం పడకూడదు.

దానికి కారణం ఉంది. ఎల్లక్క చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆమె బాపు బాయిలోనే పోయాడు. ఆ పొద్దున తల్లి రామవ్వ ఇంటికి తాళం వేసి, పిల్ల వేలు పట్టుకుని అంగడికి వెళ్ళింది. తెచ్చినవాళ్ళు తలుపుకు తాళం చూసి, ఏం చేయాలో తోచక, బాపును వాకిట్లోనే ఎండలో పడుకోబెట్టి చుట్టూ కూర్చున్నారు. అంగడి నుంచి వచ్చిన రామవ్వ ఏడవలేదు. ముందు తాళం తీయబోయింది. తాళంచెవి ఎంతకీ లోపలికి దూరలేదు. బతికినన్నాళ్ళూ ఆమె ఒకటే అనేది: "నేను తాళం ఏసిన. గందుకే ఆయనకు ఇల్లు దొరకలే." అబద్ధమని ఎల్లక్కకు తెలుసు. తెలిసి ఏం లాభం? భయానికి బుద్ధి చెప్పినవాళ్ళెవరు?

మొగిలి షిఫ్టులో ఉంటే ఎల్లక్క ఇల్లు కదలదు. చుట్టాల పెళ్ళిళ్ళు ఎన్నో పోయాయి. భైంసాలో కూతురు నవనీత నొప్పులు పడుతున్నప్పుడు కూడా, మొగిలి సెలవు పెట్టాకే, ఇల్లు పక్కవాళ్ళకు అప్పజెప్పి, ఇద్దరూ కలిసి బస్సెక్కారు. అందుకే ఆమె చేసే పని కూడా ఇంట్లో కూర్చుని చేసేదే అయింది.

ఆ పని నేర్పింది పద్మలత మేడం. ఆఫీసర్ల కాలనీలో ఉండేది. అంట్లు తోమడానికి రమ్మని కబురు పెడితే, ఇల్లు వదిలి రానని ఎల్లక్క తెగేసి చెప్పింది. ఈ విడ్డూరం ఏమిటో చూద్దామని మేడమే స్కూటీ మీద వచ్చింది. విషయం విని, నవ్వకుండా, "అయితే ఇక్కడే చెయ్యి" అని ఇటలీ వంటలు ఒక్కొక్కటే చెప్పింది. సబ్జా గింజలు ఇచ్చి కుండీలో వేయించింది. మొలకలు వచ్చాక కాలనీ అంతా గోల. ఎల్లక్క తులసమ్మను తుంచి గుడ్లల్ల వేస్తోందని ఒకటే గుసగుసలు. అది తులసి కాదు, గింజలు షర్బతులో వేసుకునే సబ్జా అని చెప్పి చెప్పి ఆమె నోరు నొచ్చింది. మేడం బదిలీ మీద వెళ్ళిపోయింది, చెట్టు మాత్రం విత్తనం మీద విత్తనంగా నిలిచింది. కాల్చిన రొట్టె ముక్క మీద టమాటాలు పెట్టేదాన్ని మేడం ఏదో పేరుతో పిలిచేది. నోరు తిరగక ఎల్లక్క 'టమాట పలకలు' అంది. ఇప్పుడు ఆఫీసర్ల ఇళ్ళలో కూడా అదే పేరు.

ఇన్ని చేసినా ఆమె ఒక్కటీ కడుపునిండా తిన్నది లేదు. ఉప్పు చూడటానికి నాలుక కొనకు తగిలించుకునేది, అంతే. మొగిలి వచ్చేదాకా పచ్చి మంచినీళ్ళే. అతను క్యాను అడుగున ఒక ముద్ద మిగిల్చి తెస్తాడు. నవనీత చిన్నప్పుడు బాయి ముద్ద అంటూ దాని కోసం ఎగబడేది. ఆ పిల్ల అత్తగారింటికి పోయాక ఎల్లక్కే తింటోంది. మనిషి కింద కూర్చుని సగం తిన్నాడు, తిరిగి వచ్చాడు, అనే సాక్ష్యం నోట్లో పడ్డాకే ఆమెకు ఆకలి తెలుస్తుంది.

ఎండ ఎక్కేసరికి రెండో పని మొదలుపెట్టింది. సాయంత్రం మొగిలిని దండలతో ఇంటికి తీసుకొస్తారు, వచ్చినవాళ్ళ చేతుల్లో ఏదో ఒకటి పెట్టాలి. పలకల కోసం రొట్టెను ఏటవాలుగా కోసి పెనం మీద కాల్చింది. వేడి మీదనే వెల్లుల్లి రెబ్బతో రుద్దింది. పొద్దున రొట్టెల్లోంచి గిల్లిన మెత్తటి ముక్కలను పారేయకుండా చీజు, మిరియాల పొడి కలిపి, బోలు చేసిన టమాటాల్లో కూరింది. చేస్తున్నంతసేపూ చెవులు రోడ్డు మీదే ఉన్నాయి. రొట్టెల మీద పెట్టిన పొత్రం ఎవరో తెచ్చి తన రొమ్ము మీద పెట్టినట్టుంది. చెమట మెడ మీదుగా కారి జాకెట్టు తడిసింది. దవడ లాగుతోంది.

ఆమె దానికి పెద్దగా ఆశ్చర్యపోలేదు. మొగిలి బాయిలో ఉన్నప్పుడల్లా రొమ్ము బిగుసుకోవడం, వచ్చాక వదిలేయడం ఆమెకు పెళ్ళినాటి నుంచి అలవాటే. ఆఖరి దినం కాబట్టి భయమూ పెద్దదే వచ్చింది, అంతే అనుకుంది.

పక్క క్వార్టరులో ఉండే వందన చక్కెర కోసం వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అక్కా, ఏంది నీ మొఖం గట్ల పాలిపోయింది? పానం మంచిగ లేదా?"

"రంది పిల్లా, ఒట్టి భయం. ఆయన వస్తె తక్కువైతది."

"రంది అయితె గింత చెమటేంది? జర దవాఖానకు పోయొద్దాం పా."

ఎల్లక్క జవాబు చెప్పేలోపే కూత వినిపించింది.

అంబులెన్సు. కాలనీ రోడ్డు మీదకు తిరిగింది. ఒక్కొక్క తలుపూ తెరుచుకుంది, ఒక్కొక్క తలుపులో ఒక్కొక్క ఆడమనిషి. ఆ కాలనీలో ఆ కూతకు అందరూ అలాగే నిలబడతారు. తన ఇంటి ముందు ఆగకపోతే చాలని ప్రతి ఒక్కరూ అనుకుంటారు, ఆ తర్వాత అలా అనుకున్నందుకు సిగ్గుపడతారు. ఎల్లక్క గడప పట్టుకుంది. బండి ఇటే వచ్చింది. ఒక్కో ఇల్లూ దాటి, సరిగ్గా ఆమె వాకిట్లోనే ఆగింది.

ఆమెకు కళ్ళు బైర్లు కమ్మాయి. తలుపు తీసే ఉంది, తాళం వేయలేదు, అయినా ఎందుకు వచ్చింది? డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అవ్వా, వెంకటేశ్ ఇల్లు యాడ? వాళ్ళామెకు నొప్పులొస్తున్నయట."

అతను అన్న మాట ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. సబ్జా వాసన కొడుతున్న చేత్తో రోడ్డు చివరికి చూపించింది.

"గా మూల మీద, నీలం తలుపులు. జల్ది పో బిడ్డా."

"అక్కా, నువ్వు గూడ ఎక్కరాదె? దవాఖానకే పోతది గద," అంది వందన, ఆమె చేయి పట్టుకుని. "ఇంట్ల నేను కూసుంట."

"నువ్వు కూసుంటె ఆయనింట్ల మనిషి ఉన్నట్టయితదా? మూడు గొట్టంగ పైకొస్తడు. అప్పుడు ఆయనతోనే పోత. పో, నువ్వు పోయి నీ పొల్లకు బువ్వ పెట్టు."

అంబులెన్సు ముందుకు వెళ్ళిపోయింది. కాసేపటికి వెంకటేశ్ భార్యను ఎక్కించుకుని మళ్ళీ ఆమె వాకిలి ముందు నుంచే తిరిగి వెళ్ళింది. చల్లగా కాన్పు కావాలని ఎల్లక్క దానికి దండం పెట్టింది.

షిఫ్టు కూత వేసేసరికి పలకలన్నీ పళ్ళెంలో పేర్చడం అయిపోయింది. పైన తెల్లటి గుడ్డ కప్పింది. ఇక నిలబడే ఓపిక లేదు. వచ్చి గడపలో, తెరిచిన తలుపుకు వీపు ఆనించి, రోడ్డు కనిపించేలా కూర్చుంది. కూత అయ్యాక పైకి వచ్చి, టోపీ దీపం అప్పజెప్పి, సంతకం చేసి, కాలనీ చేరడానికి ఎంతసేపు పడుతుందో ఆమె ఒంటికే తెలుసు. ఆ సేపు దాటిపోయింది. ఇంకా రాలేదు. దండలు వేస్తుంటారు, ఆలస్యమవుతుంది అని తనకు తానే చెప్పుకుంది. పెదవులు ఎండిపోయాయి. నీళ్ళ కోసం కూడా లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు, వెళ్ళిన ఆ ఒక్క క్షణంలో ఏ కబురు వస్తుందోనని.

సందు మలుపులో డప్పు వినిపించింది. ముందు నలుగురు, వెనక బంతిపూల దండల్లో మునిగిపోయిన ఒక నల్లటి మనిషి. కుడికాలు కొద్దిగా ఈడుస్తూ నడిచే ఆ నడకను ఆమె వెయ్యి మందిలోనైనా గుర్తుపడుతుంది. నడుచుకుంటూ వస్తున్నాడు. తన కాళ్ళ మీద తానే వస్తున్నాడు. రామవ్వ నుంచి తనకు వచ్చిన భయం, పెళ్ళినాటి నుంచి కడుపులో పెట్టుకుని మోసింది, ఒక్కసారిగా దిగిపోయింది. ఇక ఎప్పుడూ మోయనక్కర్లేదు. హమ్మయ్య అనుకుంది. తల తలుపుకు ఆనింది.

"ఎల్లీ, వచ్చిన సూడు!" మొగిలి దూరం నుంచే కేకేశాడు. కళ్ళు తెరిచే ఉండటంతో తననే చూస్తోందనుకున్నాడు. దగ్గరికి వచ్చి, దండ ఒకటి తీసి ఆమె మెడలో వేస్తూ చెంప తాకాడు. డప్పు కొట్టే లక్ష్మణ్ అతని ముఖం చూసి చేయి ఆపాడు.

గుండె అన్నాడు డాక్టరు. పొద్దుటి నుంచే మొదలై ఉంటుందన్నాడు. అప్పుడే తెచ్చి ఉంటే, అని ఏదో అనబోయి మొగిలిని చూసి ఊరుకున్నాడు.

మర్నాడు చెన్నూరుకు, గోదావరి ఒడ్డున ఆమె పుట్టింటివాళ్ళ శ్మశానానికి ఎల్లక్కను తీసుకుపోయేటప్పుడు, ఇంటికి తాళం వేయమన్నారెవరో. మొగిలి ఇల్లంతా వెతికాడు. ఆ ఇంట్లో తాళమే లేదు. వందన వచ్చి, "పోయిరా బావా, నేను కూసుంట," అని గడపలో కూర్చుంది. రాత్రి బస్సుకే వచ్చిన నవనీత నీళ్ళ సీసా కోసం వంటింట్లోకి వెళ్ళి, గూట్లో తండ్రి క్యాను చూసి, అలవాటు కొద్దీ మూత తీసింది.

అడుగున కాగితంలో చుట్టిన డబల్ రొట్టె ఒకటి, కొరకనిది, మొత్తంగా ఉంది. కాగితం ఒక పక్క విడిపోయి, తెల్లటి రొట్టె అంచున నల్లగా బొగ్గు బొటనవేలి ముద్ర.