సుద్దగీతల విమానం

పరుపులు కుట్టడంలో చెయ్యి తిరిగిన పరుపులాయనకు దూది కంపెనీవాళ్లు బిజినెస్ క్లాసు ప్రయాణం బహుమతిగా ప్రకటించారు. భార్యాభర్తలిద్దరికీ టికెట్లు, ఐదు గంటల దారి. రెండు విమానాల్లో ఏదో ఒకటి ఎంచుకోమన్నారు.

బొమ్మలు చూసి బేరం కుదుర్చుకునే మనిషి కాదాయన. ట్రావెల్స్ అమ్మాయిని ఫోన్లో విసిగించి సీట్ల కొలతలు రాబట్టాడు. పరుపులన్నీ పక్కకు నెట్టి, దుకాణం నేల మీద సుద్దముక్కతో రెండు విమానాలూ గీశాడు. మొదటిదాంట్లో మనిషికో గది, మధ్యలో గోడ. రెండోది కాస్త పాతది, సీట్లు పక్కపక్కనే.

"మొదటిదే ఖాయం," అన్నాడు భార్యతో, గోడగీతను ఇంకాస్త లావు చేస్తూ. "ముప్పై ఏళ్లుగా నా గురకతో వేగుతున్నావు. ఆ ఐదు గంటలైనా హాయిగా పడుకో."

"ముందు చూడనివ్వండి," అంటూ ఆవిడ ఒక గదిలో నడుం వాల్చింది. ఆయన పక్క గదిలో వాలాడు. రెండు నిమిషాలు తిరక్కుండానే గురక అందుకున్నాడు. అలవాటు కొద్దీ ఆవిడ మోచెయ్యి లేచింది, కానీ సుద్దగీత దగ్గర ఆగిపోయింది. గోడాయె మరి!

ఆవిడ లేచి, తడిగుడ్డ తెచ్చి, గోడను శుభ్రంగా తుడిచేసింది. మళ్లీ పడుకుని, తృప్తిగా ఒక్క పోటు పొడిచింది.

ఆయన ఉలిక్కిపడి లేచాడు. "ఏంటి, దిగాలా?"

"ఇంకా లేదు. విమానం మార్చాను, పడుకోండి."