రెండు నిమిషాల పరీక్ష

యాంజియోగ్రామ్ రిపోర్టు వచ్చిన సాయంత్రం ఆ ఇంట్లో ఒకటే సంబరం. గుండె రక్తనాళాలు అద్దంలా ఉన్నాయట, ఎక్కడా ఒక్క అడ్డు కూడా లేదట. భర్త ఆ కాగితాన్ని పిల్లల మార్కుల జాబితాలా ఇరుగుపొరుగు అందరికీ చూపించాడు. ఆడపడుచు పనిగట్టుకుని ఫోన్ చేసి, "అదృష్టవంతురాలివి వదినా, నీకేమీ లేదటగా!" అంది. అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి, ఒక్క టెస్టింగక్క మొహం తప్ప. ఎందుకంటే ఆ లేని జబ్బు ఆస్పత్రి నుంచి ఆవిడతోపాటే బస్సెక్కి ఇంటికొచ్చేసింది.

ఆవిడ పనిచేసేది మోటార్లు బాగుచేసే సర్వీస్ సెంటర్లో. రిపేరుకొచ్చిన ప్రతి మోటారునూ మొదట ఆవిడే బల్ల మీద పెట్టి తిప్పి చూడాలి. పదిహేనేళ్ళుగా అదే పని, అందుకే అందరికీ టెస్టింగక్క. అసలు పేరు జీతం కాగితంలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఆ బల్ల మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేకపోలేదు, మూడేళ్ళుగా విశ్రాంతి తీసుకుంటోంది. మోటారు చంకన పెట్టుకుని రెండో మలుపు తిరిగేసరికి రొమ్ము వెనకాల ఎవరో పిడికిలితో అదిమినట్టు నొప్పి మొదలవుతుంది. అది ఎడమ దవడ దాకా పాకుతుంది. పది నిమిషాలు మెట్టు మీద కూలబడితే వదులుతుంది.

పెద్ద డాక్టరు తెర మీద నాళాలు చూపించి, "ఏమీ లేదమ్మా. టెన్షన్ తగ్గించుకోండి" అన్నాడు. టెన్షన్ ఏ కొట్లో అమ్ముతారో, ఎక్కడ వాపసు తీసుకుంటారో మాత్రం చెప్పలేదు. ఇక ఇంట్లో అందరూ వైద్యులే. భర్త గ్యాస్ అన్నాడు. ఆడపడుచు వయసు అంది. నొప్పి మటుకు ఎవరి మాటా వినలేదు.

అసలు తంటా మేనేజరుతో వచ్చింది. బల్లను కిందికి దింపించమని ఆవిడ అడిగితే, "డాక్టరు కాగితం తెండి, చూద్దాం" అన్నాడు పాపం, దయగల మనిషి. ఆవిడ తెచ్చింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని మొత్తం చదివాడు.

"ఇందులో మీకు ఏ రోగమూ లేదని ఉందే! రోగం లేనివాళ్ళ కోసం బల్ల దింపితే పైవాళ్ళకు నేనేం చెప్పను? నెలాఖరులోగా తేల్చుకోండి. మెట్లెక్కుతారా, మానేస్తారా."

మానేయడమా! ఇంటా బయటా ఆవిడకంటూ ఉన్నది ఆ బల్ల ఒక్కటే. మిగతావన్నీ అందరివీ. నోరు మూసుకుని మళ్ళీ మెట్లెక్కింది.

ఆ వారంలోనే బొంతలు కుట్టే ఆవిడ మళ్ళీ వచ్చింది. కుట్టు మిషను మోటారు సంచిలో వేసుకుని రావడం ఇది మూడోసారి. "అరగంట కుట్టగానే ఆగిపోతోందమ్మా" అన్నది ఆవిడ పాత పాట. టెస్టింగక్కకు రూలుంది. మోటారును ఖాళీగా రెండు నిమిషాలు తిప్పాలి. తిరిగితే 'లోపం లేదు' అని పచ్చచీటీ అంటించి పంపేయాలి. ఆ రూలు పెట్టిన మహానుభావురాలు కూడా తనే. పని చకచకా తెమిలిపోతోందని అప్పట్లో మేనేజరు అందరి ముందూ చప్పట్లు కొట్టించాడు.

రెండు నిమిషాలు తిప్పింది. బంగారంలా తిరిగింది. కిందికి దిగి కౌంటరు దగ్గర సంచి చేతికిస్తూ, "దీనికేమీ లేదమ్మా. మీరే కంగారుపడి ఎక్కువ తొక్కేస్తున్నట్టున్నారు. కాస్త నిదానంగా కుట్టుకోండి" అంది.

బొంతలావిడ సంచి అందుకోలేదు.

"నేను రెండు నిమిషాలు కుట్టి మూసేస్తానా తల్లీ? బట్ట లేకుండా కుడతానా? దాని మీద పని పడ్డప్పుడు కదా అది ఆగేది! పని పెట్టకుండా చూసి ఏమీ లేదంటే ఎట్లా?"

టెస్టింగక్క చాచిన సంచి వెనక్కి తీసుకుంది. తాను ఇప్పుడు అన్నది అచ్చంగా పెద్ద డాక్టరు అన్న మాటే, ఆ 'అమ్మా'తో సహా. ఛీ, అనుకుంది. తన మీద తనకే రోత పుట్టింది.

మోటారు పైకి పట్టుకెళ్ళి, దారిలో ఒకసారి కూలబడి లేచి, దాన్ని అక్కడున్న కుట్టు మిషనుకు బిగించింది. సంచిలో మోటారుకు చుట్టి ఉన్న బొంతగుడ్డను నాలుగు మడతలు వేసి సూది కింద పెట్టి, గడియారం చూస్తూ కుడుతూ కూర్చుంది. ముప్పై ఒకటో నిమిషంలో మోటారు కాలిన వాసన వేసి, ఠక్కున ఆగిపోయింది. చల్లారాక మళ్ళీ బంగారంలా తిరిగింది. దొంగముండ, అని దాన్నే తిట్టింది గానీ, ఎవర్ని తిట్టిందో ఆవిడకు తెలుసు.

మర్నాటి నుంచి తన మీదే పరీక్ష పెట్టుకుంది. బల్ల దగ్గరి రిజిస్టరు లాంటిదే ఇంకోటి కొని, గీతలు గీసి రాసింది. ఎన్ని మెట్లు, చేతిలో ఎంత బరువు, ఎన్నో మెట్టు దగ్గర నొప్పి, ఎంతసేపు, కూర్చున్నాక ఎన్ని నిమిషాలకు తగ్గింది. పన్నెండు రోజులు, ముప్పై నాలుగు పరీక్షలు.

అదే ఆస్పత్రిలో ఈసారి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ దగ్గర చీటీ రాయించుకుంది. "మీవాళ్ళు నన్ను పడుకోబెట్టి చూశారమ్మా. నాకు పడుకుంటే నొప్పి రాదు" అని రిజిస్టరు ముందు పెట్టింది.

డాక్టరమ్మ ప్రతి పేజీ చదివింది. "వాళ్ళు చూసింది పెద్ద నాళాలు. వాటిలోంచి చీలే సన్నటివి అందులో కనబడవు. అవి అవసరానికి తెరుచుకోకపోయినా ఇట్లాంటి నొప్పే వస్తుంది. గుండెకు పని పెట్టి చూసే స్కానింగు ఉంది, చేద్దాం" అంది.

చేశారు. దొరికింది. దానికో పేరుంది, మందులున్నాయి. పూర్తిగా పోతుందని డాక్టరమ్మ మాట ఇవ్వలేదు గానీ, "మీ నొప్పి నిజమైనదే" అంది. టెస్టింగక్క ఆ గదిలోనే భోరున ఏడ్చేసింది.

"జబ్బుందంటే ఇంత సంతోషమేమిటే నీకు?" అన్నాడు వెంట వచ్చిన భర్త, బిత్తరపోయి.

"ఏమీ లేదన్నప్పుడు మీకు వచ్చిందిగా సంతోషం. ఇప్పుడు నా వంతు" అంది ఆవిడ.

కొత్త కాగితం చూసి మేనేజరు నాలుక కరుచుకున్నాడు. నెలాఖరుకు రెండు రోజుల ముందు బల్ల కిందికి దిగింది. దాని మీద అరగంట పరీక్ష మొదలైంది. చకచకా తెమలడం లేదని ఆయన గొణిగితే, "గొణగండి" అంది.

బల్లతోపాటు పాత రిజిస్టర్లూ దిగాయి. 'లోపం లేదు' అని తన చేత్తోనే రాసిన పేజీలు. మధ్యాహ్నం కాస్త తీరిక దొరగ్గానే ఒకటి తెరిచి, మొదటి నంబరుకు ఫోన్ చేసింది.

"అమ్మా, మీ మోటారు సంగతి మీరు చెప్పిందే నిజమై ఉంటుంది. మేము సరిగ్గా చూడలేదు. ఒకసారి తీసుకురాగలరా?"



"ఎక్కడిదమ్మా, దాన్ని ఎప్పుడో పాత సామానుకు వేసేశాం. కుట్టడమే మానేశాను" అంది అటునుంచి ఒక ముసలి గొంతు. "అది బాగుందని మీరే అన్నారుగా. నాకే చేతకావడం లేదనుకున్నాను."