పళ్ళు లేని మొసలి

కోతల తాత నోరు విప్పితే ఆవగింజ కూడా గుమ్మడికాయ అయ్యేది. చిన్నప్పుడు తాను పట్టిన చేపను ఒడ్డుకు లాగితే ఏటిలో నీళ్ళు మోకాలి లోతుకు దిగిపోయాయని చెప్పేవాడు. ఎవరైనా నవ్వితే, ఆ చేప కూడా ముందు అలాగే నవ్విందనేవాడు.

ఆయన కోడలు ఇంట్లోనే చిన్నపిల్లల్ని చూసుకునేది. ఉద్యోగాలకు పోయే తల్లులు పొద్దున్నే ఆరుగురు పిల్లల్ని దించి, సాయంత్రం వచ్చి తీసుకుపోయేవారు. ఇంతకుముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు పెరట్లో ఈతకొలను తవ్వించి పోయారు. పిల్లలున్న చోట నీళ్ళుంటే నీళ్ళకంటే నిబంధనలే లోతు. చుట్టూ నాలుగడుగుల కంచె ఉండాలి. గేటు దానంతటదే మూసుకోవాలి. గడియ పిల్లల చేతికి అందకూడదు. కంచె పక్కన ఎక్కడానికి వీలైన వస్తువు ఒక్కటీ ఉండకూడదు. కిందటి తనిఖీలో గడియ సరిగా పడలేదని పిల్లల సంరక్షణ శాఖ అధికారిణి ఎర్రసిరాతో రాసి వెళ్ళింది. ఈసారి ఇంకొక్క తప్పు కనబడితే పిల్లల్ని చూసుకునే లైసెన్సు పోతుంది.

కోడలు కొత్త గడియ పెట్టించింది. మామగారికి ఒక్కటే పని అప్పగించింది. పిల్లలు పెరట్లో ఆడుకుంటున్నంతసేపూ వాళ్ళను కంచె దరిదాపులకు పోనివ్వకూడదు.

ఇంకొకరైతే కుర్చీ వేసుకుని కళ్ళప్పగించి కూర్చునేవారు. తాత మొసలిని పెంచాడు.

పూల్ అడుగున మంచమంత మొసలి ఉందనీ, అది ఆవలిస్తే పక్కవీధిలో తలుపులు కొట్టుకుంటాయనీ చెప్పాడు. వారం రోజులు పిల్లలు కంచె వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు. మామగారి కాపలాకు కోడలు మురిసిపోయింది. ఆ కాపలా కాస్తున్నది మొసలి అని ఆమెకు తెలియదు.

అక్కడితో ఊరుకుంటే కోతల తాత ఎందుకవుతాడు? ఒకనాడు మూడున్నరేళ్ళ బుడంకాయ ఆయన మోకాలు పట్టుకుని, మొసలికి అమ్మ ఉందా అని అడిగింది. తాత నాలుక దురద ఆపుకోలేకపోయాడు. పాపం దానికి ఎవరూ లేరన్నాడు. ముసలిదైపోయి పళ్ళన్నీ ఊడిపోయాయట, మెత్తటివి తప్ప నమలలేదట, మధ్యాహ్నమయ్యేసరికి ఆకలికి ఏడుస్తుందట, పూల్ నిండింది ఆ కన్నీళ్ళతోనేనట. పిల్లలు కిక్కురుమనకుండా విన్నారు. తన కథ అంత బాగా కుదిరిందనుకుని తాత మీసం దువ్వుకున్నాడు. పిల్లల మొహాల్లో ఉన్నది జాలి అని ఆయనకు తట్టలేదు.

తనిఖీ రోజు రానే వచ్చింది. కోడలు లోపల కాగితాలు సర్దుతోంది. పెరటి వసారాలో అడుగుపెట్టిన అధికారిణిని చూడగానే తాతకు చేప గుర్తొచ్చింది. కుర్చీలోంచి లేచి, పిల్లలకు వీపు పెట్టి మొదలుపెట్టాడు. చేప నవ్వే ఘట్టానికి వచ్చేసరికి ఆవిడ మొహంలో రంగు మారింది. తాత వెనక్కి తిరిగాడు.

బొమ్మలు పెట్టుకునే ప్లాస్టిక్ పెట్టె కంచె పక్కన బోర్లించి ఉంది. దాని మీద బుడంకాయ నిలబడి ఉంది. పొట్ట కంచె పైఅంచు మీద ఆన్చి, చెయ్యి నీళ్ళవైపు చాచింది. చేతిలో బిస్కెట్టు. మిగతా ఐదుగురూ పెట్టె కదలకుండా పట్టుకున్నారు.

అరిస్తే పిల్ల ఉలిక్కిపడి అటువైపు పడుతుందని తాతకు తెలుసు. అరవలేదు. ఏడాదిగా మెట్లెక్కడానికే మొరాయిస్తున్న మోకాళ్ళు ఆ పది గజాలు ఎలా దాటాయో ఆయనకే తెలియదు. నడుం పట్టుకుని పిల్లను గుండెకు హత్తుకున్నాడు.

"తాతా, మొసలికి ఆకలేస్తోంది," అంది బుడంకాయ. నీళ్ళమీద అప్పటికే నాలుగు బిస్కెట్లు తేలుతున్నాయి.

కోడలు పరుగెత్తుకొచ్చింది. ఎవరూ అడక్కముందే తాత జరిగిందంతా చెప్పేశాడు. ఆయన జన్మలో అంత చిన్న కథ చెప్పలేదు. తప్పు తనదనీ, కోడలి నోటి దగ్గర కూడు తీయొద్దనీ అధికారిణిని వేడుకున్నాడు.

ఆవిడ టేపు తీసి కొలిచింది. "కంచె నాలుగడుగులే, పెద్దాయనా. ఈ పెట్టె వేస్తే రెండున్నర. మీ కథ కూడా వేస్తే అసలు కంచే లేదు."

దాచకుండా నిజం ఒప్పుకున్నందుకు లైసెన్సు రద్దు చేయలేదు. నెల గడువిచ్చింది. ఎక్కడానికి వీలైనవన్నీ పెరట్లోంచి తీసేయాలి. పిల్లలు పెరట్లోకి వస్తే పెద్దవాళ్ళలో ఒకరు మెడలో కాపలా బిళ్ళ వేసుకుని కూర్చోవాలి. ఆ బిళ్ళ మెడలో ఉన్నంతసేపూ ఫోను లేదు, పేపరు లేదు, కబుర్లు లేవు. ముందుగా ఆ మొసలిని ఇప్పుడే, తన కళ్ళముందే తీసేయమంది.

మొసలి వేరే ఊరు వెళ్ళిపోయిందందామా అనుకున్నాడు తాత. కోడలు ఆయన వైపు ఒక చూపు చూసింది. తాత పిల్లల వైపు తిరిగాడు.

"పిల్లలూ, మొసలి లేదు. నేను అబద్ధం చెప్పాను."

పిల్లలు పగలబడి నవ్వారు. "తాత మళ్ళీ కోతలు కోస్తున్నాడు," అన్నారు.

ఎంత చెప్పినా నమ్మలేదు. ఇక లాభం లేదని ముగ్గురు పెద్దలూ తలా ఇద్దరు పిల్లల చేతులు గట్టిగా పట్టుకుని గేటు లోపలికి తీసుకెళ్ళి చూపించారు. నీళ్ళు అడుగుదాకా తేటగా ఉన్నాయి. నానిపోయిన బిస్కెట్లు తప్ప ఏమీ లేదు. బుడంకాయ చాలాసేపు చూసి, తాత చెయ్యి నిమిరింది.

"పోనీలే తాతా. నీకెవరో అబద్ధం చెప్పారు."

నెల తిరిగాక అధికారిణి చెప్పకుండా వచ్చింది. తాత కుర్చీలో ఉన్నాడు, మెడలో బిళ్ళ, కళ్ళు పిల్లల మీద. ఆవిడ వెనక నిలబడి మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగింది. పలకలేదు. ఆ చేప సంగతేమైందని అడిగింది. తాత చెవులు ఎర్రబడ్డాయి, పెదవి అదిరింది, కానీ తల తిప్పలేదు. ఆగమన్నట్టు ఒక వేలు మాత్రం ఎత్తాడు. వసారాలోంచి చూస్తున్న కోడలు చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

అధికారిణి కాగితం మీద సంతకం పెట్టింది.

కోడలు పిల్లల్ని లోపలికి పిలిచి, ఆరుగురినీ లెక్కపెట్టుకుని తలుపు గడియ వేసింది. తాత మెడలోంచి బిళ్ళ తీసి మేకుకు తగిలించాడు. వీధి గుమ్మం దాటబోతున్న అధికారిణి వెనకాలే చేతికర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళాడు.

"ఆగమ్మా, నెల్రోజులు బిగబట్టాను. ఆ చేప ఉంది చూశావూ..."