పొయ్యికి ఫ్యాను

జయరాములు చెయ్యి మంచిదని గుడియాత్తంలో అందరూ అనేవాళ్లు. అతను సాంబారు దించితే వీధి చివరిదాకా వాసన. ఆ చెయ్యి పాపిష్టిదని తెలిసిన మనిషి మాత్రం ఒక్కతే, అతని పెళ్లాం పొన్నమ్మ. పదకొండు నెలల కిందట ఒక పెళ్లి వంటలో, పొయ్యి రాజుకోవడం లేదని, పప్పు ఆలస్యమైందని, ఇనుప గరిటె తిరగేసి ఆమె చెవి మీద కొట్టాడు. ఎంత ఘనుడో చూడండి, పచ్చికట్టెలు బేరమాడి తెచ్చింది తను, దెబ్బ తిన్నది ఆమె. రక్తం మెడ మీదుగా జాకెట్టులోకి కారింది. ఆ ఎడమ చెవి మళ్లీ పనిచెయ్యలేదు. పొన్నమ్మ తిరుపత్తూరులో అన్న ఇంటికి వెళ్లిపోయింది.

మూడు నెలలు తిరిగి తిరిగి, బావమరిది కాళ్లూ గడ్డమూ పట్టుకుని ఆమెను తెచ్చుకున్నాడు. బస్సెక్కే ముందు ఆమె ఒకే ఒక్క మాట చెప్పింది.

"నన్నే కాదు, ఎవుర్ని కొట్టినా సరే, చేతిలో ఉండే పనయినాక నా దోవ నాది. మళ్లా రాను. కోపమొస్తే తుండుగుడ్డ పట్టుకో, రెండు చేతుల్తో. చేతులు ఖాళీ లేకుంటే కొట్టలేవు."

ఆ మాటకు సరేనన్న గుర్తుగా జయరాములు ఒక ఫ్యాను కొన్నాడు. అది తొంభై నాలుగో సంవత్సరం. వేలూరులో అద్దాల షాపులూ గ్యారంటీ కార్డులూ కొత్తగా దిగుతున్న రోజులు. నత్తగుల్ల ఆకారంలో ఇనుప డిప్ప, లోపల రెక్కలు, వెనక మోటారు, ముందు మూడంగుళాల మూతి. ఆ మూతికి గొట్టం తగిలించి, రెండో కొస కట్టెల పొయ్యి కింద పెట్టి స్విచ్చి వేస్తే పచ్చికట్టె కూడా నోరు మూసుకుని మండేది. ఇరవై ఏళ్లుగా ఊదుగొట్టంతో ఊది ఊది దగ్గు తెచ్చుకున్న పొన్నమ్మ మొదటిరోజు ఆ మంట చూసి నవ్వింది. ఆ నవ్వు నిలబెట్టుకోవడానికి జయరాములు పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఎనిమిది నెలల్లో మూడు తుండుగుడ్డలు మెలిపెట్టి మెలిపెట్టి చింపేశాడు గాని, చెయ్యి మాత్రం లేపలేదు.

అలాంటి ఫ్యాను, బజారులో లుంగీల కొట్టు తిరువేంగడం గారి కూతురి పెళ్లికి ముందు రోజే, పొద్దున తొమ్మిదింటికి, గుప్పున పొగ వదిలి ఆగిపోయింది. సాయంత్రం ఆరువందల మందికి విందు. పొన్నమ్మ సంచిలోంచి పాత ఊదుగొట్టం తీసి పొయ్యి ముందు కూర్చుంది. ఇంతలో తిరువేంగడం వచ్చాడు.

"ఏమప్పా జయరాములు, మంట యాడ?"

"ఫ్యాను కాలిపోయిందన్నా. వేలూరు పోయి వేరేది తెస్తా. ఏడు గంటలకు ఆకు వేస్తా, చూడు."

"పొయ్ చెప్పొద్దప్పా. పోయినోడివి రేపు వస్తావు. మీ వంటోళ్ల సంగతి నాకు తెలీదా?"

పొయ్ అంటే అరవంలో అబద్ధం. గుడియాత్తం తెలుగువాళ్ల నోట్లో ఆ ముక్క సొంత ముక్కలాగే దొర్లుతుంది. జయరాములుకు మాత్రం అది చెంప మీద కొట్టినట్టు తగులుతుంది. భుజం మీది తుండు లాగి రెండు చేతులా పట్టుకున్నాడు. పొన్నమ్మ అది చూసింది.

"నువ్వు పోయి రా. అందాకా నేను ఊదతా," అని, ఊది, దగ్గింది.

వేలూరులో ఫ్యాను అమ్మిన షాపు గుణశేఖర్‌ది. జయరాములు కాలిపోయిన ఫ్యానుతోపాటు గ్యారంటీ కార్డు కూడా బల్ల మీద పెట్టాడు. ఏడాది గ్యారంటీ, ఇంకా నాలుగు నెలలుంది. గుణశేఖర్ ఫ్యాను మూతిలోకి చూసి, నీళ్లు పోశావన్నాడు. పొయ్యలేదన్నాడు జయరాములు.

"పొయ్ సొల్లాదే," అన్నాడు గుణశేఖర్ అరవంలో. అబద్ధాలు చెప్పకు అని. కార్డు రెండు ముక్కలు చేసి కింద పడేశాడు. ముక్కలు ఏరుకోవడానికి వంగితే మెడ మీద చెయ్యి వేసి మెట్ల దాకా తోశాడు. మోకాలు మెట్టుకు కొట్టుకుని చర్మం లేచిపోయింది. జయరాములు తుండు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు, గోళ్లు అరచేతుల్లో దిగేదాకా. కొట్టలేదు. ఆ నిమిషాన పొన్నమ్మ చూసి ఉంటే, మొగుడని చెప్పుకుని మురిసిపోయి ఉండేది.

ఆ తర్వాత ఆ వీధిలో ఎక్కని మెట్టు లేదు. మోటార్లు చుట్టేవాడు రెండు రోజులన్నాడు. ఒక చోట టేబుల్ ఫ్యాన్లే ఉన్నాయి. ఒక చోట ఊదే ఫ్యాను దొరికింది గాని మూతి ఆరంగుళాలు, దాన్ని పొయ్యికి పెడితే బూడిదంతా పాయసంలో ఉంటుంది. ఇంకో చోట, కాలిన సరుకు అంటగట్టడానికి వచ్చాడనుకుని, పొయ్‌కారన్, అబద్ధాలకోరు అని తిట్టి పంపారు. మధ్యాహ్నం రెండైంది. పొద్దున్నుంచి కడుపులో కాఫీ చుక్క లేదు. చివరికి ఒక రిక్షా అతను చెప్పాడు, తొరపాడి దారిలో చౌడప్ప అని పాత ఇనుము కొట్టు ఒకటుంది, అక్కడ లేకపోతే ఇంకెక్కడా ఉండదని.

చౌడప్ప ముసలివాడు. కళ్లద్దాలకు ఒక పక్క దారం కట్టి ఉంది. పక్కనే అతని భార్య రంగనాయకమ్మ పాత మోటార్ల నుంచి రాగితీగ విప్పుతోంది. వెనక ఇద్దరు పనివాళ్లు సమ్మెటలతో ఇనుము విరుస్తున్నారు. జయరాములు కాలిన ఫ్యాను రెండు చేతులా పొట్టకు ఆనించుకుని, తుండు భుజం మీద వేసుకుని, అరవంలో మొత్తం చెప్పుకొచ్చాడు. గ్యారంటీ సంగతి, మెడ పట్టి గెంటిన సంగతి, ఆరువందల మంది సంగతి. చెబుతూ చెబుతూ, "అయ్యో నా ఖర్మ," అన్నాడు తనలో తను, తెలుగులో.

ముసలాయన తలెత్తి చూశాడు. ముఖం విప్పారింది. చెయ్యి వెనకనున్న అలమార మీదికి చాపుతూ, నవ్వుతూ, ఒక్క మాట అడిగాడు.

"పొయ్యా?"

అబద్ధమా అని. జయరాములు చెవికి అలాగే వినబడింది. పొద్దున్నుంచి వింటున్న మాట, అందులోనూ నవ్వుతూ. చేతుల్లో తుండు లేదు. ఆరు కిలోల ఇనుము ఉంది. దాన్ని ఎత్తి ముసలాయన నోటి మీద కొట్టాడు.

ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. చౌడప్ప కళ్లద్దాలు ఎగిరిపోయాయి, అతను మోటార్ల కుప్ప మీద వెల్లకిలా పడ్డాడు. నోట్లోంచి రక్తంతోపాటు పళ్లు జారాయి. జయరాములు రెండో దెబ్బకు ఫ్యాను ఎత్తాడు గాని, ఈలోగా పనివాళ్లు వచ్చి పడ్డారు. ఒకడు సమ్మెట కర్రతో వీపు మీద, ఇంకొకడు కాలితో డొక్కలో. కింద పడేసి తన్నారు. చేతి వేళ్లు తొక్కారు. ముక్కు నేలకు కొట్టుకుని పగిలింది. దుమ్మూ రక్తమూ నోట్లోకి పోయాయి.

రంగనాయకమ్మ మొగుడి తల ఒళ్లో పెట్టుకుంది. జయరాములు భుజం నుంచి జారి కింద పడిన తుండు తీసి ఆ నోటికి అదిమింది. తెల్లగుడ్డ చూస్తూ చూస్తూ ఎర్రగా అయిపోయింది. అప్పుడు జయరాములు వైపు తిరిగి మాట్లాడింది. తెలుగులో.

"పొయ్యికా అని కదరా అడిగినాడు, పాపిష్టోడా. కొలిమికి వేరే ఫ్యాను, పొయ్యికి వేరే ఫ్యాను. ఏది కావాల్నో అని అడిగినాడు. నీ నోట తెలుగు మాట ఇని, మనోడు వచ్చినాడే అని తెలుగులో అడిగినాడు."

పనివాళ్ల కాళ్లు ఆగాయి. జయరాములు నేల మీదనే పడి అలమార వైపు చూశాడు. మూడంగుళాల మూతి ఉన్న ఫ్యాను ఒకటి అంచుదాకా జరిగి ఉంది. ముసలాయన చెయ్యి తాకింది దాన్నే. రంగనాయకమ్మ లేచి దాన్ని లాగి అతని మీదికి విసిరింది. అది వచ్చి రొమ్మున తగిలింది.

"ఇదే కదా నీకు కావాల్సింది. తీసుకోని పో. నీ మొగం మళ్లా సూపీకు."

సిగ్గులేని మనిషి, తీసుకునే పోయాడు. ఏడు గంటలకు ఆకు వెయ్యాలి గదా. గుడియాత్తం బస్సులో పక్కనున్నవాళ్లు అతని ముఖం చూసి లేచి వేరే సీటుకు వెళ్లారు. దారి పొడుగునా ఒకటే మాట మనసులో వల్లె వేసుకున్నాడు, బస్సు దిగుతూ పడ్డాను, బస్సు దిగుతూ పడ్డాను.

అయిదింటికి పెళ్లి మండపం చేరేసరికి పొన్నమ్మ ఇంకా ఊదుతూనే ఉంది. ముఖమంతా మసి, కళ్లు నిప్పుల్లా ఉన్నాయి. పప్పు ఉడికింది. ఆమె ఊదుగొట్టం పక్కన పెట్టి అతన్ని కింది నుంచి పైకి చూసింది.

"ఏమైంది?"

"బస్సు దిగతా పడినాను. ఇదో, ఫ్యాను దొరికింది."

ఆమె ఫ్యాను వైపు చూడలేదు. అతని భుజం వైపు చూసింది.

"తుండుగుడ్డ యాడ?"

జయరాములు భుజం తడుముకున్నాడు. "బస్సులో యాడో జారిపోయినట్టుండాది."

పొన్నమ్మ వినబడే చెవిని అతని వైపు తిప్పింది.

"పొయ్యా?" అని అడిగింది.

ఈసారి అది ఏ భాషో జయరాములుకు సరిగ్గానే తెలిసింది. కోపం రాలేదు. "ఔను," అన్నాడు. అని, ఆమె పక్కన కూలబడి, ముసలాయన పళ్ల దాకా ఏదీ దాచకుండా చెప్పాడు. ఆమె అంతా విన్నది. విని, లేచి, ఫ్యానుకు గొట్టం తగిలించి స్విచ్చి వేసింది. మంట లేచింది. విందు ఏడింటికే మొదలైంది. తిరువేంగడం రెండుసార్లు పాయసం అడిగి వేయించుకున్నాడు.

మర్నాడు పెళ్లి భోజనాలు కూడా అయ్యాయి. చివరి పంక్తి లేచాక పొన్నమ్మ చేతులు కడుక్కుని, మెత్తగా ఉడికిన అన్నం చిదిమి, పలచగా గంజి కలిపి, టిఫిన్ క్యారియర్‌లో పోసింది. బట్టల సంచి చంకన పెట్టుకుంది.

"తిరుపత్తూరుకా?" అన్నాడు జయరాములు, లేవకుండానే.

"ముందు తొరపాడికి. ఆ పెద్దాయన నమల్లేడు గదా, నోట్లో ఏం పోస్తా ఉండారో ఏమో. ఆణ్నుంచి తిరుపత్తూరుకు." గుమ్మం దగ్గర ఆగింది. "ఫ్యాను బాగుండాది. ఇంక ఊదేదానికి ఎవురూ అక్కర్లేదు."

ఆమె వెళ్లిపోయింది. పొయ్యి మీద ఏమీ లేదు. అయినా ఫ్యాను తిరుగుతూనే ఉంది, ఉత్త మంట భగభగా మండుతూనే ఉంది. ఆ స్విచ్చి ఆర్పడానికి జయరాములుకు చాలాసేపు చెయ్యి రాలేదు.