తెల్లబోయిన తెల్లబోర్డు

నేను ఒక తెల్లబోర్డును. చెన్నై శివార్లలో ఒక రేకుల షెడ్డులో నన్ను తయారుచేశారు. పుట్టిననాడు నా మెరుపు చూసి, ఏ పెద్ద కాలేజీకో వెళ్తానని మురిసిపోయాను. తీరా చూస్తే తడ దగ్గర చార్జర్లు చేసే ఫ్యాక్టరీలో, క్యాంటీన్ వెనక గదిలో, మేకుకు తగిలించారు. ఆ గదిలో నేను చూసినదాన్నుంచి ఇప్పటికీ తేరుకోలేదు.

మిషన్లు బిగించడానికి చైనా ఇంజినీర్లు వచ్చారు. పనివాళ్ళకు చైనా భాష రాదు, ఇంజినీర్లకు తెలుగు రాదు. ఎవరికీ సొంతం కాని ఇంగ్లీషే ఇద్దరికీ దిక్కయింది. అది నేర్పడానికి సూళ్లూరుపేట నుంచి చెంగమ్మ టీచర్ సాయంత్రాలు షేర్ ఆటోలో వచ్చేది.

మొదటిరోజు ఆమె నా మీద ‘హౌ ఆర్ యూ?’ అని రాసి, పైకి చదివింది. మార్కర్ మూత పెట్టేలోపే పనివాళ్ళూ ఇంజినీర్లూ అందరూ లేచి నిలబడి, ఒకే గొంతుతో, “ఐయామ్ ఫైన్, థాంక్యూ, అండ్ యూ?” అన్నారు. నేను అదిరిపడ్డాను. చిన్నప్పుడు బళ్ళో ఎక్కాల్లాగా బట్టీ పట్టించారట. ప్రశ్న చెవిన పడితే చాలు, జవాబు దానంతటదే వచ్చేస్తుంది.

చెంగమ్మ ఓపిగ్గా చెప్పింది. దారిన పోతూ ఎవరైనా ఈ మాట అంటే అది పలకరింపే, ‘నాట్ బ్యాడ్’ అంటే సరిపోతుంది. దగ్గరివాళ్ళతో ‘సో సో’ అనవచ్చు. ఒంట్లో బాగాలేకపోతే మాత్రం దాచకుండా ‘నాట్ వెల్’ అనాలి. అందరూ బుద్ధిగా రాసుకున్నారు. మర్నాడు అడిగితే మళ్ళీ అదే కోరస్! క్లాసు అయ్యాక లియాంగ్ అనే కుర్ర ఇంజినీరు ఆగి, మన బాధ తెచ్చి టీచరు నెత్తిన పెట్టడం తమవైపు మర్యాద కాదని చెప్పాడు. మావాళ్ళూ అంతేనని, కొంప అంటుకున్నా బాగున్నామనే అంటారని చెంగమ్మ నవ్వేసింది.

ఈ లియాంగ్‌కు తెలుగంటే సరదా. క్యాంటీన్ ఆడవాళ్ళ దగ్గర ‘తిన్నావా?’ అనడం నేర్చుకున్నాడు. వాళ్ళ ఊళ్ళోనూ ఎదురుపడితే ఇలాగే అడుగుతారని తెగ సంబరపడి, కనిపించినవాళ్ళనల్లా అడిగేవాడు.

ఒక సాయంత్రం అతను గోడ పట్టుకుని క్లాసుకు వచ్చాడు. మొహం నాకంటే తెల్లగా ఉంది, చొక్కా చెమటతో తడిసిపోయింది. పక్కవాళ్ళ మాటల్ని బట్టి నాకు తెలిసిందేమిటంటే, పొద్దున సూపర్‌వైజరు ‘హౌ ఆర్ యూ’ అంటే లియాంగ్ ఫైన్ అన్నాడు. మధ్యాహ్నం మందుల గదిలో నర్సు కూడా అదే మాట అడిగింది, అదే జవాబు విని పంపించేసింది. నాకు నోరు లేదుగానీ, ఉంటే కేకపెట్టేవాణ్ణి. మనిషి నిలువునా కూలిపోతుంటే కళ్ళతో చూడరు, చెవులతో విని సరిపెట్టుకుంటారు!

చెంగమ్మ కూడా అదే అడిగింది. “ఐయామ్ ఫైన్, థాంక్యూ, అండ్ యూ?” అన్నాడు. ఆమె సరేనని నావైపు తిరిగి మార్కర్ ఎత్తింది.  ఏమనుకుందో ఏమో, వెనక్కి చూసి, ఇంట్లో పిల్లల్ని అడిగినట్టు తెలుగులో అడిగింది.

“తిన్నావా అబ్బయా?”

ఈ ప్రశ్నకు అతనికెవరూ జవాబు బట్టీ పట్టించలేదు. 

“లేదు,” అన్నాడు. చెయ్యి కడుపు మీద పెట్టుకున్నాడు. కిందికి జారుతూ నన్ను పట్టుకున్నాడు, ఇద్దరం కలిసి నేలమీద పడ్డాం. నా మూల పగిలింది.

ఆస్పత్రికి మోసుకుపోయారు. లోపల అపెండిక్స్ పగిలిందని, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడట. బతికాడు. ఆ కబురు తెచ్చిన చెంగమ్మ కుర్చీలో కూలబడి, వాడు చెప్పలేదు సరే, నేనెందుకు చూడలేదని తననే తిట్టుకుంది.

అతను కోలుకుని వచ్చేసరికి ఇంకో దెబ్బ. మాట్లాడితే అనువదించే మిషన్లు కొన్నారు, ఇక టీచరు అక్కర్లేదన్నారు. చివరిరోజు లియాంగ్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“హౌ ఆర్ యూ, టీచర్?”

“ఫైన్, ఫైన్,” అంది చెంగమ్మ, సంచి సర్దుకుంటూ.

అతను కదల్లేదు. “తిన్నారా?” అన్నాడు.

ఆమె డస్టరు తీసుకుని నావైపు తిరిగి, ఒక్క అక్షరమైనా లేని నన్ను తుడుస్తూ నిలబడింది. ఆమె కళ్ళు అప్పుడు నాకు మాత్రమే కనిపించాయి.

ఇప్పుడు నేను సూళ్లూరుపేటలో పాత ఇనుము కొట్టు ముందు, గోడకు ఆనుకుని ఉన్నాను. రోడ్డు మీద పొద్దస్తమానం జనం బాగున్నావా అంటే బాగున్నా అనుకుంటూ పోతారు. నాకు భయమేస్తుంది. ఎవరైనా ఒక్కరు ఆగి రెండో ప్రశ్న అడుగుతారేమోనని చూస్తూ ఉంటాను.